గింజా ఎర్మేస్ భవనము

టోక్యో నగరమునందలి గింజా పేటలో, పారిసు వర్తకసంస్థయగు ఎర్మేస్ జపానులోని తన ప్రధాన విక్రయశాలగా కట్టించుకొనిన గాజు కట్టడము. ఇటలీ దేశీయుడైన వాస్తుశిల్పి రెంజో పియానో దీనిని రూపొందించెను. ఇంజనీరింగు బాధ్యతను ఆరప్ సంస్థ వహించినది. 2001లో తెరవబడిన ఈ భవనము 2006లో మరికొంత పొడిగింపబడినది.

గింజా పూర్వచరిత్ర నెరిగినవారికి అచ్చట గాజుగోడ నిలుపబూనుట సాహసముగనే తోచును. 1872లో దగ్ధమైన ఆ పేటను, మరల అగ్నికి ఆహుతి కారాదను తలంపుతో ప్రభుత్వము ఇటుకలతో పునర్నిర్మింపగా, ఆ ఇటుకల పేటను 1923 నాటి కాంటో భూకంపమును, దానివెంట చెలరేగిన మంటలును తుడిచిపెట్టినవి.

కావుననే ఈ భవనపు నిర్మాణములో మొదట గమనింపదగినది గాజు కాదు, దాని వెనుకనున్న ఉక్కు చట్రము. స్థలము మిక్కిలి సన్ననిది. అట్టి స్థలములో ఎత్తుగా లేచిన కట్టడము భూమి కంపించినప్పుడు ప్రక్కకు ఒరగజూచును, అంతట ఒకవైపు స్తంభములపై బరువు పెరుగగా, రెండవవైపు స్తంభములు పైకి లాగబడును. వానిని పునాదిలో బిగించి ఆ లాగుడును ఎదిరించుటకు మారుగా, ఒక వరుస స్తంభములు కంపవేళ పీఠమునుండి రవంత లేచి మరల కూర్చుండునట్లు, కుదుపును మ్రింగు సాధనములతో అమర్చిరి. శతాబ్దములుగా భూకంపములకు ఓర్చి నిలిచిన జపాను కొయ్య పగోడాలనుండి గ్రహింపబడిన ఉపాయమిది. కదలకుండుటకంటె కదలనేర్చుటయే క్షేమమని ఆ వడ్రంగులు ఏనాడో ఎరుగుదురు.

ఇంతటి కదలికను గాజు సహించుటెట్లు? ఇటలీలో పోతపోయించిన సుమారు 13,000 గాజు దిమ్మెలు, ఒక్కొక్కటి 428 మిల్లీమీటర్ల చదరము, అంతస్తుల అంచులనుండి తెరవలె వ్రేలాడుచున్నవి. దిమ్మెకును దిమ్మెకును నడుమ గట్టి సున్నము కాక సాగుడు గల అతుకు ఉండుటచే, గోడ యంతయు ఒక్కుమ్మడిగా పగులక, ప్రతి దిమ్మెయు తన పాలి కదలికను తాను భరించును. మూలలయందు వంపు దిరిగిన దిమ్మెలు వాడుటచే గోడ ఎచ్చటను తెగినట్లు కనబడదు.

దుకాణమునకు గాజు ముఖము పెట్టుట లోని సరకు బాటసారులకు చూపుటకే యని మనమెరిగిన రివాజు. ఇచ్చటి గాజు అట్లు చూపదు. పగలు వెలుతురును లోనికి రానిచ్చుచు వీథిని మసకపరచును. రాత్రి లోపలి దీపములతో భవనమంతయు, పియానో కోరిన రీతిని, జపాను కాగితపు లాంతరును బోలి వెలుగును. సరకు చూపదలచినచోట, కంటి యెత్తున చిన్న కిటికీలు మాత్రము కలవు.

లోపల విక్రయశాలయే కాక కార్యాలయములు, కర్మశాలలు, కళాప్రదర్శనశాల కలవు. ఎర్మేస్ 1837లో గుఱ్ఱపు సామగ్రి తయారీతో మొదలైన వర్తకమగుటచే కాబోలు, మేడపైన రుమాళ్ళను జెండాలవలె పట్టిన అశ్వికుని విగ్రహ మొకటి నిలుపబడినది.