పులిజూదం నుంచి లూట్ బాక్స్ దాకా: సింగపూరులో వీడియో గేముల కథ



ఈ వారం మనం మాట్లాడుకోబోయేది వీడియో గేముల గురించి. "అదీ ఒక విషయమేనా?" అని పెద్దవాళ్లు అనుకోవచ్చు. నాటకానికి, సినిమాకి చరిత్ర ఉన్నట్టే ఈ ఆటలకీ ఉంది. అందులో మనం ఉంటున్న సింగపూరుది చిన్న పాత్రేమీ కాదు. ముప్ఫయ్యేళ్లకు పైగా ఈ ఆటలు ఆడుతున్నవాడిగా నాకు అర్థమైంది ఒక్కటే. ఆటకు డబ్బు వసూలు చేసే పద్ధతి మారినప్పుడల్లా ఆట కూడా మారింది. ఆ మార్పు మన పిల్లల చేతుల్లోకి ఎలా వచ్చిందో ఇవాళ చూద్దాం.

ముందు మన ఊరి ఆట ఒకటి గుర్తు చేస్తాను. పాత గుళ్ల మండపాల్లో రాతి మీద చెక్కిన గీతలు మీలో చాలామంది చూసే ఉంటారు. అది పులిజూదం పటం. 3 పులులు, 15 మేకలు. పేరులో జూదం ఉంది గానీ పందెం లేదు, పాచికా లేదు. పులి ఎటు దూకగలదో, మేకలు ఎలా కట్టడి చెయ్యాలో ఇద్దరికీ కళ్లెదుటే కనిపిస్తుంది. ఇందులో మూడు గుణాలున్నాయి. దాపరికం లేదు. ఆ పటాన్ని ఎవరూ వెనక్కి పట్టుకుపోరు. ఆటకు ఒక ముగింపు ఉంది, అయిపోయాక లేచి ఇంటికి పోవచ్చు. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి, వీటితోనే ఇప్పటి ఆటల్ని కొలుద్దాం.

వీడియో గేములు జనంలోకి వచ్చింది నాణెం వేసి ఆడే యంత్రాలతో. జపాన్ నుంచి 1978లో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో పాక్‌మాన్ వచ్చాయి. ఆటగాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో నాణెం పడుతుంది, అందుకే ఆట అంత కఠినంగా ఉండేది. కాబట్టి "మా రోజుల్లో ఆటలకు డబ్బాశ లేదు" అంటే నేను ఒప్పుకోను. ఆశ అప్పుడూ ఉంది. కాకపోతే నాణెం వేసేముందే ధర తెలిసేది, జేబు ఖాళీ అయితే ఆట ఆగిపోయేది.

తర్వాత ఆట ఇంట్లోకి వచ్చింది. ఇక్కడ సింగపూరు పేరు ప్రపంచానికి తెలిసింది. నీ ఆన్ పాలిటెక్నిక్‌లో చదువుకున్న సిమ్ వాంగ్ హూ 1981లో చైనాటౌన్ దగ్గరి పెర్ల్స్ సెంటర్‌లో క్రియేటివ్ టెక్నాలజీ అనే చిన్న దుకాణం పెట్టారు. అప్పట్లో పీసీ నుంచి వచ్చే శబ్దం కీచుమనే బీప్ ఒక్కటే. 1989లో ఆ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును విడుదల చేసింది. సంగీతం, మనిషి గొంతు, తుపాకి మోత అన్నీ ఆ కార్డు పలికించేది. జాయ్‌స్టిక్ తగిలించుకునే చోటు కూడా దాని మీదే ఉండేది. అమెరికాలో గేములు తయారుచేసేవాళ్లు తమ పెట్టెల మీద సౌండ్ బ్లాస్టర్‌తో పనిచేస్తుందని రాసుకునే రోజు వచ్చింది. 1992లో క్రియేటివ్ అమెరికా నాస్‌డాక్ మార్కెట్లో నమోదైంది, అలా నమోదైన మొదటి సింగపూరు సంస్థ అదే. సిమ్ 2023 జనవరిలో కన్నుమూశారు. ఆటగాళ్లు ఆయనకు ఎంత రుణపడి ఉన్నారో చాలామందికి తెలియదు.

అది పెట్టెల కాలం. డబ్బు ఒకసారి కట్టి, డిస్కులు, వాటితోపాటు ఒక పుస్తకం ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఆట మన బీరువాలో ఉండేది. తమ్ముడికి ఇవ్వొచ్చు, స్నేహితుడికి అమ్మొచ్చు, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ తీసి ఆడొచ్చు.

కానీ ఆ కాలానికి ఇంకో ముఖం ఉంది. ఆసియా నగరాల్లో దొంగ కాపీల వ్యాపారం జోరుగా సాగింది. సింగపూరు 1987లో కొత్త కాపీరైట్ చట్టం తెచ్చినా అది ఒక్కరోజులో ఆగలేదు. ఈ సంగతి దాటవేస్తే తర్వాతి కథ అర్థం కాదు. డిస్కును కాపీ చెయ్యొచ్చు గానీ, కంపెనీ దగ్గరున్న సర్వర్ని కాపీ చెయ్యడం కష్టం. అందుకే కొరియా, చైనా కంపెనీలు ఆటను ఉచితంగా ఇచ్చేసి, సర్వరును తమ చేతిలో ఉంచుకుని, ఆటలోపల వస్తువులు అమ్మే దారి పట్టాయి. ఇవాళ మనం తిట్టుకుంటున్న పద్ధతికి ఒక వేరు ఆ దొంగ డిస్కుల్లోనే ఉంది.

ఈ రెంటికీ మధ్య లాన్ షాపుల కాలం ఒకటి నడిచింది. పార్క్‌లేన్ లాంటి చోట్ల గంటకింత అని కట్టి, పక్కపక్కన కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడేవారు. 2005లో వరల్డ్ సైబర్ గేమ్స్ ఫైనల్స్ ఇక్కడి సన్‌టెక్‌లోనే జరిగాయి. గంట అయిపోతే లేవాలి. లెక్క స్పష్టంగా ఉండేది.

అదే 2005లో మేపుల్‌స్టోరీ అనే కొరియా ఆట సింగపూరు, మలేసియాలకు వచ్చింది. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. బొమ్మకు కొత్త బట్టలు, టోపీ, పెంపుడు జంతువు కావాలంటే మాత్రం ప్రీపెయిడ్ కార్డు కొనాలి. సెవెన్ ఎలెవెన్‌లో ఐస్‌క్రీం పక్కనే ఆ కార్డులు దొరికేవి. బడిపిల్లల పాకెట్ మనీ అటు ప్రవహించడం మొదలైంది. దానితోపాటు గాచాపాన్ వచ్చింది. మన చిన్నప్పుడు కిరాణా కొట్లో అట్ట మీద అంటించిన చీటీలు ఉండేవి, పావలా ఇచ్చి ఒకటి చింపితే లోపల నంబరు ఉండేది. ఇదీ అదే. ఏం వస్తుందో తెలియకుండా డబ్బు కట్టడం. తేడా ఒక్కటే. కొట్లో అట్ట మీద ఇంకా ఎన్ని చీటీలు మిగిలాయో కంటికి కనిపించేది.

ఈ తేడా ఎంత ముఖ్యమో కొరియాలోనే తేలింది. అక్కడి మేపుల్‌స్టోరీలో 2010 నుంచి అమ్మిన "క్యూబ్" అనే వస్తువుల విషయంలో, మంచి ఫలితం వచ్చే అవకాశాలను ఆటగాళ్లకు చెప్పకుండా మార్చారని అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నిర్ధారించింది. 2024 జనవరిలో నెక్సాన్ కంపెనీకి సుమారు 1160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. అదే ఏడాది మార్చి నుంచి అవకాశాల శాతాన్ని బయటపెట్టాలన్న చట్టం అక్కడ అమల్లోకి వచ్చింది. పులిజూదంలో మేకను ఒకడు చాటుగా జేబులో వేసుకుంటే ఏమంటాం? ఇదీ అంతే.

పడమటి కంపెనీలూ ఈ దారిలోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మారు. అప్పుడు అందరూ నవ్వారు. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 వచ్చేసరికి, ఆటకు పూర్తి ధర కట్టినవాళ్లు కూడా గెలవడానికి లూట్ బాక్సుల వెంట పడవలసిన పరిస్థితి. ఆటగాళ్లు మండిపడ్డారు. విడుదలకు కొన్ని గంటల ముందు కంపెనీ ఆ అమ్మకాలను ఆపింది. 2018లో బెల్జియం ఇలాంటి పెట్టెలను జూదంగానే లెక్కగట్టింది.

ఇక సింగపూరు ఈ ఆటలు కొనే ఊరే కాదు, తయారుచేసే ఊరు కూడా. యుబిసాఫ్ట్ ఇక్కడ 2008లో స్టూడియో తెరిచింది. ఆ స్టూడియో ముందుండి చేసిన స్కల్ అండ్ బోన్స్ 2017లో ప్రకటిస్తే 2024 ఫిబ్రవరిలో గానీ రాలేదు. పూర్తి ధర పెట్టి, లోపల మళ్లీ దుకాణం ఎందుకని జనం అడిగారు. 2009లో ఇక్కడే పుట్టిన గరీనా నుంచి 2017లో ఫ్రీ ఫైర్ వచ్చింది. చౌక ఫోన్లలో కూడా నడవడంతో మన పల్లెల దాకా పాకింది. భద్రతా కారణాలతో భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో దాన్ని నిషేధించింది. గెన్షిన్ ఇంపాక్ట్‌ను ప్రపంచమంతటా అందించే హోయోవర్స్ అడ్రసు కూడా సింగపూరే. గెలిచే అవకాశాల గురించీ, అసలు ఖర్చు గురించీ పిల్లల్ని తప్పుదోవ పట్టించారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2025 జనవరిలో 2 కోట్ల డాలర్లు కట్టడానికి, 16 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికి కంపెనీ రాజీకి వచ్చింది.

చట్టం ఏం చేస్తోంది అంటారా? ఇక్కడ మన తెలుగునేలకు ఒక ముచ్చట ఉంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సత్యనారాయణ కేసులో, రమ్మీలో నేర్పుదే ప్రధాన పాత్ర అని తీర్పు వచ్చింది. ఆ తీర్పు నీడలో ఆన్‌లైన్ రమ్మీ పెరిగింది. కుటుంబాలు అప్పులపాలవుతుంటే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల మీద భారత పార్లమెంటే చట్టం చేసింది. సింగపూరులో కొత్త జూద నియంత్రణ చట్టం 2022 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది.

ఈ కొత్త చట్టాలు ఎక్కువగా చూసేది ఇది: గెలిచినదాన్ని డబ్బుగా మార్చుకోవచ్చా లేదా అని. లూట్ బాక్సులో వచ్చిన కత్తి ఆటలోనే ఉండిపోతే అది జూదం లెక్కలోకి రావడం కష్టం. నా ఉద్దేశంలో చిక్కు ఇక్కడే ఉంది. రమ్మీలో ఓడినవాడికి ఓడానని తెలుసు. ఇక్కడ పిల్లవాడికి ఎప్పుడూ ఏదో ఒకటి వస్తుంది గనక ఓడినట్టే తెలియదు. పైగా డాలర్లు ముందు రత్నాలవుతాయి, రత్నాలు నాణేలవుతాయి. లెక్క తప్పించడానికి కాకపోతే ఇన్ని మారకాలు ఎందుకు?

ఇక సొంతమన్న మాట. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను యుబిసాఫ్ట్ 2024 మార్చి 31న మూసేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరదు. డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. దానిమీదే ఆటగాళ్ల ఉద్యమం ఒకటి బయల్దేరింది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు అది కేవలం లైసెన్సయితే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది.

న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. పెద్ద ఆట ఒకటి తయారుకావడానికి ఇప్పుడు వందలమంది ఏళ్ల తరబడి పనిచెయ్యాలి. వాళ్ల జీతాలు ఎక్కడినుంచో రావాలి. ఉచిత ఆటల వల్లే ఖరీదైన యంత్రం కొనలేని పిల్లవాడికీ ఆడే వీలు దొరికింది. అక్కడ గుంటూరులో ఉన్న మనవడు, ఇక్కడ సెంగ్‌కాంగ్‌లో ఉన్న మనవడు ఒకే జట్టులో ఆడటం చిన్న సంగతి కాదు. ఒకసారి ధర కట్టి హాయిగా ఆడుకునే మంచి ఆటలు ఇప్పటికీ వస్తున్నాయి. కాబట్టి నా తగువు ఆటతో కాదు, డబ్బు కట్టడంతో కాదు. ఏం కొంటున్నామో చెప్పకుండా అమ్మడంతో.

అందుకని తల్లిదండ్రులకు నా మనవి. ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఈ పెట్టెలో ఏముందో కొనేముందే తెలుస్తుందా? రేపు కంపెనీ మూసేస్తే మనకేం మిగులుతుంది? ఈ ఆట ఎప్పుడైనా అయిపోతుందా? జవాబులు పిల్లలనే వెతకనివ్వండి. ఆటల గురించి వాళ్లకు మనకంటే బాగా తెలుసు, డబ్బు గురించి మనకు వాళ్లకంటే కొంచెం బాగా తెలుసు. రెండూ కలిస్తేనే ఇంట్లో ఈ సంగతి గొడవ కాకుండా తేలుతుంది.

వీలైతే ఈ సెలవుల్లో ఒక కాగితం మీద పులిజూదం పటం గీసి వాళ్లతో ఒక ఆట ఆడండి. మేకలు మీరు తీసుకోండి, పులులు వాళ్లకివ్వండి.

సెలవు.