ఏపీ ఐసెట్: క్వాలిఫై అయితే సీటు వచ్చేసినట్టేనా? ర్యాంకు, కౌన్సెలింగ్ అసలు లెక్క ఇదీ..

రాజాం: ఐసెట్ ఫలితాలు వచ్చిన రోజు డిగ్రీ విద్యార్థుల వాట్సాప్ స్టేటస్‌లలో ఎక్కువగా కనిపించే మాట ఒకటే.. 'క్వాలిఫైడ్'. ఇంట్లో వాళ్లూ సంబరపడిపోతారు. తీరా కౌన్సెలింగ్ మొదలయ్యాక అసలు విషయం తెలుస్తుంది. అనుకున్న కాలేజీ రాదు, వచ్చిన కాలేజీలో ఫీజు కట్టడం కష్టం. ఇలా ఎందుకు జరుగుతుంది? ఐసెట్‌లో క్వాలిఫై కావడానికి, మంచి సీటు రావడానికి మధ్య తేడా ఏంటి? రాజాం, పాలకొండ, చీపురుపల్లి చుట్టుపక్కల డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ..

ఐసెట్ అంటే ఏంటి?

రాష్ట్రంలోని యూనివర్సిటీలు, వాటి అనుబంధ కాలేజీల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల భర్తీకి పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇది. ఏపీ ఉన్నత విద్యామండలి తరఫున ఏటా ఒక యూనివర్సిటీ దీన్ని నిర్వహిస్తుంది. 2024లో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ నిర్వహించగా, 2025లో ఆ బాధ్యత ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చింది. ఆ ఏడాది మే 7న పరీక్ష జరిగింది.

ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా పర్లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ, బీటెక్.. ఎవరైనా రాయొచ్చు. డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం చాలు. ఎంసీఏకి అయితే అర్హత నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఫైనలియర్ వాళ్లు కూడా రాయొచ్చు. కానీ అడ్మిషన్ నాటికి డిగ్రీ పాసై ఉండాలి. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని ఐసెట్ ర్యాంకు మీద ఆశ పెట్టుకుంటే చివరికి సీటు చేజారుతుంది.

పేపర్ ఎలా ఉంటుంది?

కంప్యూటర్ మీద రాసే పరీక్ష. 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది 45 సెకన్లే. ఎనలిటికల్ ఎబిలిటీ, మ్యాథమెటికల్ ఎబిలిటీ, కమ్యూనికేషన్ ఎబిలిటీ అని మూడు సెక్షన్లు ఉంటాయి. తప్పు సమాధానానికి నెగెటివ్ మార్కులు లేవు.

మ్యాథ్స్ అనగానే బీఏ, బీకాం వాళ్లు భయపడతారు. నిజానికి ఇందులో ఎక్కువగా వచ్చేది పదో తరగతి స్థాయి లెక్కలే. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు, కాలం-పని, సగటు, సంభావ్యత లాంటివి. కమ్యూనికేషన్ సెక్షన్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. గ్రామర్, పదాల అర్థాలు, బిజినెస్, కంప్యూటర్ పదాలు, ప్యాసేజ్‌లు వస్తాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ముందుగా దృష్టి పెట్టాల్సింది దీని మీదే.

ఎనలిటికల్ సెక్షన్‌లో డేటా సఫిషియెన్సీ అనే రకం ప్రశ్నలు కొత్తవాళ్లను తికమకపెడతాయి. ఉదాహరణకి.. 'రాజాం నుంచి విజయనగరానికి బస్సు ఎంతసేపట్లో చేరుతుంది?' అని అడిగారనుకుందాం. కింద రెండు వాక్యాలు ఇస్తారు. మొదటిదాంట్లో దూరం, రెండోదాంట్లో సగటు వేగం. ఇక్కడ టైమ్ ఎంతో లెక్కకట్టక్కర్లేదు. జవాబు చెప్పడానికి మొదటి వాక్యం ఒక్కటే చాలా, రెండోది ఒక్కటే చాలా, రెండూ కావాలా, రెండూ ఉన్నా చాలవా అన్నది చెబితే సరిపోతుంది. ఈ ప్రశ్నకు రెండూ కావాలి. అది గమనించకుండా పెన్ను పట్టుకుని లెక్క మొదలుపెడితే రెండు నిమిషాలు పోయినట్టే.

క్వాలిఫై వెనుక అసలు లెక్క

జనరల్, బీసీ అభ్యర్థులు క్వాలిఫై కావాలంటే 25 శాతం, అంటే 200కి 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు, అందులో ఒకటే కరెక్ట్. నెగెటివ్ మార్కులు లేవు. పేపర్ చదవకుండా కళ్లు మూసుకుని 200 ప్రశ్నలకూ జవాబులు పెట్టేసినా, నాలుగింటికి ఒకటి చొప్పున సగటున 50 తగులుతాయి. అంటే గుడ్డిగా కొట్టినా వచ్చే మార్కులు, క్వాలిఫైయింగ్ మార్కులు దాదాపు ఒకటే. అందుకే 'క్వాలిఫై అయ్యాను' అనే మాటకు సీటు విషయంలో పెద్దగా విలువ లేదు. కాలేజీని నిర్ణయించేది ర్యాంకే.

దీని నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. తెలిసినవి మొదటి రౌండ్‌లో, కాస్త ఆలోచిస్తే వచ్చేవి రెండో రౌండ్‌లో చేసుకోవాలి. చివరి ఐదు నిమిషాలు మిగిలిన వాటికి ఏదో ఒక ఆప్షన్ పెట్టడానికి ఉంచుకోవాలి. పరీక్ష ఒకటి కంటే ఎక్కువ సెషన్లలో జరిగితే, పేపర్ల మధ్య తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. 'మా పేపర్ కష్టంగా వచ్చింది' అని మధ్యలోనే డీలా పడక్కర్లేదు.

ర్యాంకు నుంచి సీటు దాకా..

ర్యాంకు వచ్చాక వెబ్ కౌన్సెలింగ్ ఉంటుంది. రిజిస్ట్రేషన్, ప్రాసెసింగ్ ఫీజు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంట్, ఆ తర్వాత కాలేజీలో రిపోర్టింగ్.. వరుస ఇదీ. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద, మిగతావి మేనేజ్‌మెంట్ కోటా కింద భర్తీ అవుతాయి. కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ రీజియన్‌లోకి వస్తాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. పాత సర్టిఫికెట్లలో శ్రీకాకుళం అని ఉంటుంది, కొత్తవాటిలో విజయనగరం అని వస్తుంది. రెండు జిల్లాలూ ఒకే రీజియన్ కాబట్టి లోకల్ హోదాకు ఇబ్బంది లేదు. అయినా కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవడం మేలు.

ఆప్షన్లు పెట్టేముందు ఫీజు సంగతి చూసుకోండి

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లను ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీలకు మాత్రం పథకాన్ని ఉంచింది. ఒక్క జీవోతో ఎన్నో ఇళ్ల లెక్కలు తారుమారయ్యాయి. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి. అందుకే మీరు చేరే ఏడాది అమల్లో ఉన్న ఉత్తర్వు చూసుకున్నాకే ఆప్షన్లు పెట్టుకోవాలి. సీనియర్ చెప్పాడనో, ఎవరో ఏజెంట్ 'ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది' అన్నాడనో నమ్మేయొద్దు.

మనకు దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలు చూస్తే.. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరంలో జేఎన్టీయూ గురజాడ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. యూనివర్సిటీ క్యాంపస్ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. 50 మార్కులకీ 110 మార్కులకీ తేడా తెలిసేది ఇక్కడే.

మరి క్యాట్ సంగతి?

ఐఐఎంలలో చేరాలంటే ఐసెట్ పనికిరాదు, క్యాట్ రాయాలి. 2015లో మొదలైన ఐఐఎం విశాఖపట్నం మనకు దగ్గర్లో ఉన్నది. క్యాట్ తీరే వేరు. 2024లో 120 నిమిషాల్లో 68 ప్రశ్నలు ఇచ్చారు. ఒక్కో సెక్షన్‌కు 40 నిమిషాలు, ఆ టైమ్ అయిపోతే వెనక్కి వెళ్లడం కుదరదు. కరెక్ట్ అయితే 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే 1 మార్కు కోత. ఐసెట్‌లో పనికొచ్చిన గుడ్డి బాణాలు ఇక్కడ ఎదురు తిరుగుతాయి. ఇందులో పర్సంటైల్ ఇస్తారు. 90 పర్సంటైల్ అంటే 90 మార్కులు వచ్చాయని కాదు, రాసినవాళ్లలో 90 శాతం మంది కంటే ముందున్నారని అర్థం. క్యాట్ సాధారణంగా నవంబర్ చివర్లో ఉంటుంది కాబట్టి రెండూ రాయాలనుకుంటే కుదురుతుంది.

ఇవి గుర్తుపెట్టుకోండి..

- టార్గెట్ 50 మార్కులు కాదు. కోరుకున్న కాలేజీలో గతేడాది చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూసి టార్గెట్ పెట్టుకోండి.
- రోజూ టైమ్ పెట్టుకుని కంప్యూటర్ మీద మాక్ టెస్ట్ రాయండి. పుస్తకంలో చేసే లెక్కకీ, స్క్రీన్ మీద చేసే లెక్కకీ తేడా ఉంటుంది.
- ఒక్క నిమిషం లేటైనా లోపలికి పంపరు. దూరం సెంటర్ పడితే ముందు రోజే వెళ్లిపోండి, పొద్దున్న బస్సును నమ్ముకోవద్దు.
- తేదీలు, ఫీజులు ఏటా మారతాయి. ఉన్నత విద్యామండలి అధికారిక నోటిఫికేషన్ చూశాకే దరఖాస్తు చేయండి.