కణానికి కాళ్ళుంటాయా?

పోయినేడు మా చిన్నబాపుకి నోట్లో పుండు ఎంతకీ మానకపోతే మంచిర్యాల నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. రిపోర్టు చూసిన డాక్టరు "మెడ బిళ్ళల దాకా పాకింది" అన్నాడు. ఆ రాత్రి మా బాపు నన్నొక ప్రశ్న అడిగాడు. "నోట్లె పుట్టింది మెడలకు ఎట్ల వోయిందిరా? దానికేమన్న కాళ్ళున్నయా?"

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. బయాలజీ పదో తరగతిలోనే వదిలేశాను. అయినా బాపు అడిగింది బుర్రలోంచి పోలేదు. వీకెండ్లలో చదువుకుంటూ పోతే ఇదే ప్రశ్న వెనకాల నూరేళ్ళకి పైగా చరిత్ర ఉందని తెలిసింది. అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈ టపా.

కణాలు నడుస్తాయన్న సంగతి పాతదే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్రచేప లార్వాకి గులాబీ ముల్లు గుచ్చి పెట్టాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా చేరి ఉన్నాయి. మన ఒంట్లోనూ అలాంటివి ఉన్నాయి. సింగరేణి బాయిలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయే బొగ్గు దుమ్మును ఇలాంటి కణాలే పాకుతూ వచ్చి మింగుతాయి. కాకపోతే ఆ దుమ్ము వాటికి అరగదు, అది వేరే కథ.

అసలు చిక్కంతా నడవని కణాలది. చర్మం, నాలుక, పేగు... ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఎలా? ఒకప్పుడు కణాల మధ్య ఉండేదాన్ని సిమెంటు అనే అనేవాళ్ళు. మంచిర్యాలలో ఏసీసీ పేరు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకా పోలిక భలే నచ్చింది. కానీ అది తప్పు. 1907లో విల్సన్ అనే అమెరికన్ సముద్రపు స్పాంజిని సన్నటి గుడ్డలోంచి పిండి, కణాలు విడివిడిగా అయ్యేలా చేశాడు. అవి మళ్ళీ ఒకదాన్నొకటి వెతుక్కుని స్పాంజిగా తయారయ్యాయి! సిమెంటు ఆ పని చెయ్యదు కదా.

ఆ పట్టు ఏమిటో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. జపాన్‌లో తకెయిచి బృందం కాల్షియం ఉంటేనే కణాన్ని కణంతో కలిపి ఉంచే ప్రొటీన్లను పట్టుకుని, 1984లో క్యాడ్‌హెరిన్ అని పేరు పెట్టింది. కణానికి, కింద ఉండే నేలకి మధ్య పట్టునిచ్చేవి వేరే ప్రొటీన్లు, ఇంటెగ్రిన్లు. వీటికి ఆ పేరు 1986లో వచ్చింది. చిన్నబాపు కథలో ముఖ్యమైన సంగతి 1991లో బయటపడింది. చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడే కేన్సర్ కణాలకి పోయిన క్యాడ్‌హెరిన్‌ని ల్యాబులో తిరిగి ఇస్తే, వాటి చొరబాటు తగ్గింది. అంటే చేతులు వదిలేసినవే బయల్దేరుతున్నాయన్నమాట.

అంతకుముందే, 1953లో, లండన్‌లో అబర్‌క్రాంబీ, జోన్ హీస్‌మన్ కోడిపిల్ల గుండె కణాలు పాకుతుంటే ఫిల్ము తీశారు. ఒక కణం ఇంకోదానికి తగలగానే ఆగిపోతుంది, తర్వాత దిశ మార్చుకుంటుంది. కేన్సర్ కణాల్లో ఈ మర్యాద సరిగా పనిచెయ్యదని ఆయన తర్వాత చూపించాడు. ముందంచు చాపడం, నేలను పట్టుకోవడం, ఒంటిని లాక్కోవడం, వెనక పట్టు వదలడం... కణం నడకంటే ఇంతే. కాళ్ళు లేవు, కావల్సినప్పుడల్లా కొత్తగా తయారవుతాయి.

మరి ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అని చెప్పేదెవరు? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. 1929లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుక్కున్నాడు (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు). కణాల సిగ్నళ్ళలో చాలా భాగం ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తీసి ప్రొటీన్‌కి తగిలించడమే. మన భాషలో చెప్పాలంటే ఫ్లాగ్ సెట్ చెయ్యడం. ఆ ఫాస్ఫేటు టైరోసిన్ అనే చోట కూడా తగులుతుందని 1979లో టోనీ హంటర్ కనిపెట్టింది ఎలాగో తెలుసా? కొత్త బఫర్ కలపడానికి బద్ధకించి పాతదే వాడాడు. దాని పీహెచ్ కొంచెం మారిపోయి ఉండడంతో, మామూలుగా కలిసిపోయే రెండు మచ్చలు విడిపోయాయి. మన ప్రొడక్షన్ బగ్గులు ఎప్పుడూ ఇలా కలిసిరావు :)

ఫ్లాగ్ సెట్ చేస్తే సరిపోదు, తీసెయ్యాలి కూడా. ఆ తీసేసే ఎంజైముల్ని వెనడేట్ అనే రసాయనం ఆపేస్తుందని 1982లో అమెరికాలో ఘనశ్యామ్ స్వరూప్, కోహెన్, గార్బర్స్ చూపించారు. సిగ్నళ్ళ మీద పనిచేసే ల్యాబుల్లో వెనడేట్ సీసా ఇప్పటికీ ఉంటుంది. ఆ స్వరూప్ తర్వాత మన హబ్సిగూడ సీసీఎంబీలో చాలా ఏళ్ళు పనిచేశారు. 1977లో పుష్ప భార్గవ మొదలుపెట్టిన సంస్థ అది. ఉప్పల్ రోడ్డు మీద ఎన్నిసార్లు దాని ముందునుంచి బస్సులో పోయానో, లోపల ఏం చేస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు.

కణం ముందుకి చాపే సన్నటి వేళ్ళని ఫిలోపోడియా అంటారు. 1992, 1995లలో లండన్‌లో అలన్ హాల్ బృందం ర్యాక్, రో, సీడీసీ42 అనే మూడు స్విచ్‌లు కణం ఆకారాన్ని ఎలా మారుస్తాయో చూపింది. రాప్1 అనేది వీటి చుట్టమే. ఇంటెగ్రిన్ల పట్టును బిగించే స్విచ్. దాన్ని ఆన్ చేసే ప్రొటీన్లలో ఒకటి సీ3జీ, 1994లో జపాన్‌లో దొరికింది. సీసీఎంబీలో వేగేశ్న రాధ, స్వరూప్, వాళ్ళ సహచరులు ఏళ్ళ తరబడి దాని వెంటపడ్డారు. వెనడేట్ చుట్టమైన పర్‌వెనడేట్ వాడి, ఫాస్ఫేటు తగిలిన సీ3జీ కణంలో ఎక్కడ చేరుతుందో 2004లో చూపారు. ఏబుల్ అనే ఇంకో ప్రొటీన్ పుట్టించే ఫిలోపోడియాకి సీ3జీ అవసరమని 2007లో తేల్చారు. పేపర్లలో హెడ్డింగు రాదు దీనికి. నా లెక్కలో మాత్రం ఇదీ హైదరాబాద్ చరిత్రే. చార్మినార్, హైటెక్ సిటీ గురించి మాత్రం ఎన్నిసార్లైనా రాసుకుంటాం.

చిన్నబాపుకి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. మాట కొంచెం ముద్దగా వస్తుంది, అన్నం మెత్తగా కలుపుకుంటాడు. దసరాకి మంచిర్యాల పోయినప్పుడు ఇదంతా బాపుకి చెప్పాను. కాళ్ళుంటాయి గానీ నడిచేది కొంచెం దూరమే, తర్వాత ఒంట్లోని సన్నటి కాలువల్లో పడి కొట్టుకుపోతుంది అన్నాను. చేతులు వదిలేసినంకనే బయల్దేరుతుందని కూడా చెప్పాను. బాపు కాసేపు ఊకున్నాడు.

"మరి చేతులు వదలకముందే పట్టుకోవాలె గదరా" అన్నాడు. "ఆ పుండు గురించి వాడు ఆర్నెల్లు ఎవలికీ చెప్పలే."