అంకుల్ పుట్టింట్లో మేనమామే

నర్సీపట్నం చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామలే. నలుగురు మామలుంటే నలుగురూ నాలుగు వైపులా పట్టుకుంటారు. ఎంత దగ్గరివాడైనా బాబాయి ఆ గంప మీద చెయ్యి వేయడు. ఆయన తండ్రి వరస. తండ్రి లేని పిల్లకు కన్యాదానం చేయడానికి ముందుకు రావలసినవాడు. ఒకరు కాళ్లు కడిగే పక్షం, మరొకరు పిల్లను తెచ్చి అప్పగించే పక్షం. అదే పిల్ల మర్నాడు సెల్‌ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ స్నేహితురాళ్లకు ఇద్దరినీ ‘అంకుల్’ అనే పరిచయం చేస్తుంది.

ఇంగ్లిష్‌వాళ్లకూ ఒకప్పుడు ఈ తేడా ఉండేది. వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్‌లో తల్లి అన్నదమ్ములను ‘ఏఆమ్’ అనీ, తండ్రి అన్నదమ్ములను ‘ఫెదెరా’ అనీ పిలిచేవారు. అత్తకూ పిన్నికీ కూడా వేరువేరు మాటలుండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి వీటిని నెట్టేశాయి. అంకుల్‌కు మూలం లాటిన్ ‘అవుంకులుస్’. దాని అర్థం మేనమామ, మేనమామ మాత్రమే. బాబాయికి లాటిన్‌లో ‘పత్రువుస్’ అనే వేరే మాట ఉంది. ఆంట్ పుట్టిన ‘అమిత’కు అర్థం మేనత్త. అంటే మనం బజార్లో ముక్కూమొహం తెలియని వాళ్లకు పంచిపెడుతున్న అంకుల్, ఆంటీ పుట్టుకతో మేనమామ, మేనత్తలే.

భార్యాభర్తల మాటలదీ ఇలాంటి కథే. హస్బెండ్ స్కాండినేవియా నుంచి వచ్చింది. ఇల్లు గలవాడు, ఇంటి యజమాని అని దాని మొదటి అర్థం. మన ఆడవాళ్లు ‘మా ఇంటాయన’ అన్నప్పుడు చెప్పేది దాదాపు అదే. వైఫ్ అంటే మొదట్లో ఉత్త ఆడమనిషి. స్పౌస్ అంటే మాట ఇచ్చి ఒప్పుకున్నవారు. విడో మాత్రం మన విధవకు దూరపు చుట్టమే. ఇంగ్లిష్, సంస్కృతాల ఉమ్మడి పూర్వభాష నుంచి ఆ రెండూ దిగాయి.

‘ఇన్‌లా’ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అందులోని ‘లా’ చర్చి చట్టం. ఎవరిని పెళ్లాడకూడదో చెప్పే ఆ చట్టం దృష్టిలో భార్య చెల్లెలు సొంత చెల్లెలితో సమానం. అలాంటి పెళ్లి చెల్లనే చెల్లదని బ్రిటన్ 1835లో చట్టం చేసింది. దాన్ని ఎత్తేయడానికి దశాబ్దాల తరబడి పార్లమెంటులో వాదించుకుని, చివరికి 1907లో సడలించారు. మన ఊళ్లల్లో భార్య పోతే పసిపిల్లలు పరాయి చేతుల్లో పడతారని పెద్దలే మరదల్నిచ్చి చేసేవారు. వదిన, మరదలు, ఆడపడుచు, తోటికోడలు అందరూ ‘సిస్టర్ ఇన్‌లా’ ఒక్కదానిలోకే సర్దుకోవాలంటే ఎలా కుదురుతుంది?

నర్సీపట్నం ఉన్న అప్పటి విశాఖపట్నం జిల్లాలో తెల్లదొరలకు ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. ఈ జిల్లా సంగతులు చాలావరకు ఆయనకు సమకూర్చినది సి. హయవదనరావు. మేనరికం అన్న మాటను ఆ ఇంగ్లిష్ పుస్తకాల్లో తెలుగులోనే ఉంచేశారు. మద్రాసు కోర్టుల తీర్పుల్లోకి ‘ఇల్లటం’ అలాగే చేరింది. అంతకుముందే, 1871లో, అమెరికా న్యాయవాది లూయీ హెన్రీ మోర్గాన్ ప్రపంచ బంధుత్వాల మీద తెచ్చిన బృహద్గ్రంథంలో తెలుగు వరసల పట్టిక ఉంది. తండ్రి సోదరుడూ తండ్రే, తల్లి అక్కచెల్లెళ్లూ తల్లులే అన్న పద్ధతి అమెరికాలోని సెనెకా తెగలోనూ, మన దగ్గరా ఒకేలా కనబడి ఆయన ఆశ్చర్యపోయారు.

కృష్ణదేవిపేటలో సమాధి అయిన అల్లూరి సీతారామరాజునే తీసుకోండి. తండ్రి పోయాక ఆయన చదువు చూసుకున్న రామకృష్ణంరాజు ఇంగ్లిష్ పుస్తకాల్లో అంకుల్. పినతండ్రి అని తెలుగులో చదివితే, ఆ భారం ఆయనే ఎందుకు తలకెత్తుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ తేడా చట్టంలోనూ చిక్కు తెచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధాల్లో ‘అంకుల్, నీస్’ అని రాసింది. ఆ ఒక్క మాటలో బాబాయీ పడ్డాడు, మేనమామా పడ్డాడు. అన్నాచెల్లెళ్ల పిల్లలనూ, అన్నదమ్ముల పిల్లలనూ ఒకే వరుసలో చేర్చింది. మొదటివాళ్లు మనకు బావామరదళ్లు, రెండోవాళ్లు తోబుట్టువుల్లాంటివాళ్లు. ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే పెళ్లి చెల్లుతుందన్న మినహాయింపు వల్లే మన మేనరికాలు నిలబడ్డాయి.

నిలబడినంత మాత్రాన అవి మంచివని నేను అనను. మేనమామకూ మేనకోడలికీ పుట్టే బిడ్డలో తల్లినుంచి, తండ్రినుంచి ఒకే జన్యువు రెండు ప్రతులుగా చేరే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు. బావామరదళ్ల బిడ్డకు పదహారులో ఒక వంతు. పుట్టకముందే ఫలానావాడికని ఖాయం చేసేసిన ఆడపిల్ల ఇష్టం ఎవరడిగారు? ఆ వరస పిలుపుల్లో ఉండాలి గానీ బలవంతపు హక్కు కాకూడదు.

మాటల విషయంలో మాత్రం తెలుగువాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. ఇంగ్లిష్‌లో కజిన్ అంటే చాలు. మనవాళ్లు ‘కజిన్ బ్రదర్’, ‘కజిన్ సిస్టర్’ అంటారు. తప్పు ఇంగ్లిష్ అని మాస్టార్లు దిద్దుతూనే ఉంటారు, నాకు మాత్రం అందులో తెలివి కనిపిస్తుంది. పెద్దమ్మ కొడుకును కజిన్ అని వదిలేస్తే బావేమో అనుకునే ప్రమాదం ఉంది. బ్రదర్ తగిలిస్తే పెళ్లి వరస కాదని తేలిపోతుంది. పైగా కజిన్‌కు మూలమైన లాటిన్ ‘కాన్‌సోబ్రినుస్’ మొదటి అర్థం అక్కచెల్లెళ్ల పిల్లలు అనే. తోడల్లుడికి ‘కో బ్రదర్’, తోటికోడలికి ‘కో సిస్టర్’ కూడా ఈ దక్షిణాదిలో తయారైనవే. నర్సీపట్నంలో ఏ ఆఫీసులోనైనా ‘ఈయన మా కో బ్రదరండీ’ అంటే చాలు, ఇద్దరిదీ ఒకే అత్తారిల్లని ఎదుటివాడికి తెలిసిపోతుంది. లండన్‌లో చెబితే తెలియదు.

వియ్యంకుడికీ వియ్యపురాలికీ అలాంటి మాట ఇంకా పుట్టలేదు. మనవడి బారసాలకని అమెరికా వెళ్లిన ఇద్దరు వియ్యంకులను పొరుగింటివాళ్లకు పరిచయం చేయాలంటే, ఈయన మా నాన్న, ఆయన మా ఆవిడ నాన్న అని కొడుకు విడివిడిగా చెప్పుకోవలసిందే.