బాలింత మనసుకు పది ప్రశ్నలు

కాన్పు సుఖముగా జరిగినది. బిడ్డ క్షేమము, తల్లికి జ్వరము లేదు. ఆసుపత్రి చీటీలో ఇంతకు మించి వ్రాయవలసినదేమియు ఉండదు. ఆరు వారముల పిమ్మట ఆ తల్లియే వంటయింట నిలబడి ఊరక కన్నీరు పెట్టుచుండవచ్చును. బిడ్డ నిద్రించినను ఆమెకు నిద్ర పట్టదు. తాను మంచి తల్లిని కానని లోలోపల కుమిలిపోవును. దీనిని నేడు ప్రసవానంతర కుంగుబాటు, అనగా డిప్రెషన్ అందురు.

ప్యారిస్ వైద్యుడగు లూయీ విక్టర్ మార్సే 1858లోనే గర్భిణుల, బాలింతల మానసిక వ్యాధులపై ఒక గ్రంథము ప్రకటించెను. కాని ఆ కాలమున వైద్యుల దృష్టి నాకర్షించినది ముఖ్యముగా సూతికోన్మాదము. అది వేయి కాన్పులలో ఒకటి రెండింట మాత్రమే కలుగు తీవ్రవ్యాధి. ఇంటిలో మౌనముగా కుంగిపోవు తల్లి ఎవరి లెక్కలోనికిని రాలేదు. ఆమెను లెక్కించినవాడు లండనులోని బ్రైస్ పిట్. ఆయన 305 మంది స్త్రీలను కాన్పునకు ముందును, కాన్పయిన ఆరు మొదలు ఎనిమిది వారములకును ప్రశ్నించి, నూటికి దాదాపు పదకొండుగురు ఇట్లు బాధపడుచున్నారని 1968లో ప్రకటించెను. మూడవ నాలుగవ దినమున వచ్చి త్వరలోనే పోవు కంటతడి వేరు, ఇది వేరు.

మరి వీరిని కనిపెట్టువారెవరు? బ్రిటనులో కాన్పయిన కొలది దినములు మంత్రసాని నర్సు ఇంటికి వచ్చును. తరువాత హెల్త్ విజిటర్ వచ్చును. ఈమె ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. బిడ్డ తూకము, పాలు, టీకాలు చూచుట ఆమె పని. తల్లి ముఖమును చూచునది ఆమెయే, కాని చూచినదానిని కొలుచుటకు సాధనము లేదు. అప్పటి ప్రశ్నపత్రములు నిద్రలేమి, అలసట వంటివానిని గూర్చి అడిగెడివి. పసిబిడ్డ తల్లులలో నిద్ర చాలినదెవరికి?

ఈ చిక్కును గ్రహించి జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్స్కీ అను మువ్వురు 1987లో ఎడింబరో కొలమానమును ప్రకటించిరి. ప్రశ్నలు పది. గడచిన ఏడు దినముల మనఃస్థితిని బట్టి తల్లియే గురుతు పెట్టును. ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుండి మూడు, మొత్తము 30. శరీరపు అలసటను విడిచి మనసునే అడుగుట ఇందలి విశేషము. పదవ ప్రశ్న ఆత్మహాని తలంపును గూర్చినది. మొత్తము ఎంత తక్కువగా వచ్చినను, ఆ ప్రశ్నకు అవునను జవాబు వచ్చినచో నర్సు ఊరకుండరాదు. ఈ పత్రము వ్యాధిని నిర్ణయింపదు. అనుమానమును మాత్రమే తెలుపును.

కనిపెట్టిన తరువాత ఏమి చేయవలెను? 1989లో ఆ మువ్వురే దీనికి ఒక ఉత్తరమిచ్చిరి. హెల్త్ విజిటర్లకు స్వల్ప శిక్షణ నిచ్చి, వారమున కొకసారి చొప్పున ఎనిమిది మారులు తల్లుల యొద్దకు పంపిరి. ఉపదేశింపక, తొందరపెట్టక వినుటయే వారి పని. అట్లు వినిన 26 మందిలో 18 మంది కోలుకొనిరి. మామూలు సేవ పొందిన 24 మందిలో 9 మంది. సంఖ్య చిన్నది. పైగా రాకపోకలు హెచ్చుటయే మేలు చేసినదేమో యని సందేహింపవచ్చును.

పాకిస్తానులోని రావల్పిండి పల్లెలలో జరిగి 2008లో వెలువడిన పరిశోధన ఈ సందేహమునకు చాలవరకు జవాబు చెప్పినది. అక్కడ ఇల్లిల్లు తిరుగు ఆరోగ్య కార్యకర్త్రులు మానసిక వైద్యులు కారు. కుంగిన గర్భిణులతో మాటలాడు పద్ధతిని వారిలో కొందరికి నేర్పిరి. కాన్పయిన ఆరు నెలలకు వీరు చూచిన తల్లులలో నూటికి 23 మందికి, తక్కినవారు చూచిన తల్లులలో 53 మందికి వ్యాధి నిలిచియుండెను. రెండు పక్షములకును ఇంటికి వచ్చిన మారులు సమానమే.