పేరు మారిన ఫీచర్ ఎక్కడికి పోయింది? సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్‌లో పాత పేర్ల నమోదు

డేటాబేస్ సర్వర్‌లో డిస్కు నిండిపోతుంది. ఏది తీసేస్తే చోటు దొరుకుతుందా అని వెతికే నిర్వాహకుడికి ‘పీజీ_ఎక్స్‌లాగ్’ అనే పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. పేరులో ‘లాగ్’ ఉంది కాబట్టి పనికిరాని పాత నమోదులే అనుకుని తుడిచేస్తాడు. ఆ తర్వాత డేటాబేస్ మళ్లీ లేవదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవారిలో ఇలాంటి ప్రమాదాలు చాలాసార్లు జరిగాయి. ఆ ఫోల్డర్‌లో ఉండేది మామూలు లాగ్ కాదు. ప్రతి మార్పునూ అసలు పట్టికల్లో రాయడానికి ముందే డేటాబేస్ అక్కడ రాసిపెట్టుకుంటుంది. కరెంటు పోయినా, సర్వర్ కుప్పకూలినా దాని ఆధారంగానే కోలుకుంటుంది.

అందుకే 2017 అక్టోబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఆ ఫోల్డర్ పేరును ‘పీజీ_వాల్’గా మార్చారు. ఇలాగే అపార్థానికి తావిచ్చిన ‘పీజీ_క్లాగ్’ను ‘పీజీ_ఎక్స్‌యాక్ట్’ చేశారు. పేరు మార్చడంతో ఒక ప్రమాదం తగ్గింది. కానీ మరో చిక్కు మొదలైంది. పాత పేరు అప్పటికే పుస్తకాల్లో, శిక్షణ నోట్సుల్లో, కంపెనీల సొంత స్క్రిప్టుల్లో పాతుకుపోయి ఉంది. ఆ పేరు పట్టుకుని కొత్త మాన్యువల్‌లో వెతికేవారికి ఏం దొరకాలి?

విడుదల నోట్సు ఎందుకు చాలవు?

ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు ఏమేం మారాయో చెప్పే విడుదల నోట్సు వస్తాయి. పేరు మార్పులు, తొలగింపులు వాటిలో ఉంటాయి కదా అనిపించవచ్చు. ఉంటాయి. అయితే అవి కాలక్రమంలో ఉంటాయి. ఏ వెర్షన్‌లో మార్పు జరిగిందో తెలిసినవారికే అవి తేలిగ్గా దొరుకుతాయి. చిక్కులో పడినవారి చేతిలో సాధారణంగా పాత పేరు ఒక్కటే ఉంటుంది. అది ఎప్పుడు పోయిందో తెలియదు. కొన్నిసార్లు పోయిందన్న సంగతే తెలియదు.

వెబ్‌లో మాన్యువల్ చదివేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ వెర్షన్ వారీగా విడివిడిగా ఉంటుంది. పేజీ పైభాగంలోని లింకులతో అదే పేజీని వేరే వెర్షన్‌లో చూడవచ్చు. పేజీ చిరునామా అన్ని వెర్షన్లలో ఒకటిగా ఉన్నంతవరకే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఫీచర్‌తో పాటు పేజీని కూడా తీసేస్తే దారి తెగిపోతుంది. సెర్చ్ ఇంజన్ చూపించే పాత పేజీకి వచ్చినవారు అక్కడే ఆగిపోతారు. అదే ఇప్పటికీ చెల్లుతుందనుకునే ప్రమాదమూ ఉంది.

పోస్ట్‌గ్రెస్ చూపిన పరిష్కారం

ఈ మాన్యువల్ అనుబంధాల చివరలో కాలం చెల్లిన, పేరు మారిన ఫీచర్ల కోసమే ఒక విభాగం ఉంది. పాత మాన్యువల్ నుంచో, బయటి లింకుల నుంచో వచ్చేవారిని సరైన చోటికి పంపడమే దాని పని. ‘పీజీ_ఎక్స్‌లాగ్‌డంప్’ ఇప్పుడు ‘పీజీ_వాల్‌డంప్’ అని, ‘పీజీ_రీసెట్‌ఎక్స్‌లాగ్’ ఇప్పుడు ‘పీజీ_రీసెట్‌వాల్’ అని చిన్న చిన్న నమోదులు అందులో కనిపిస్తాయి. ‘డిఫాల్ట్ రోల్స్’ అనే మాట వెర్షన్ 14లో ‘ప్రీడిఫైన్డ్ రోల్స్’గా మారిన సంగతీ ఉంటుంది.

వీటిలో ముఖ్యమైనది ‘రికవరీ.కాన్ఫ్’ కథ. బ్యాకప్ నుంచి కోలుకోవడానికి, ప్రధాన సర్వర్‌కు తోడుగా స్టాండ్‌బై సర్వర్‌ను నడపడానికి కావలసిన అమరికలు ఒకప్పుడు ఈ ఫైలులో ఉండేవి. 2019 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్ 12లో వాటిని ప్రధాన అమరికల ఫైలులో కలిపేశారు. సర్వర్ ఏ స్థితిలో లేవాలో చెప్పడానికి రెండు ఖాళీ సంకేత ఫైళ్లు పెట్టారు. పాత ఫైలు ఇంకా అక్కడే ఉంటే సర్వర్ అసలు లేవదు.

ఇది మొండితనంలా కనిపించినా దీని వెనుక కారణం ఉంది. పాత ఫైలును పట్టించుకోకుండా లేచిన స్టాండ్‌బై సర్వర్ తనను తాను ప్రధాన సర్వర్ అనుకోవచ్చు. అప్పుడు రెండు సర్వర్లలో రెండు రకాల డేటా పేరుకుంటుంది. ఆ నష్టం కంటే సర్వర్ లేవకపోవడమే మేలు. అయితే అర్ధరాత్రి సర్వర్ లేవక కంగారుపడే మనిషికి కారణం వెంటనే దొరకాలి. పాత పేరుతో పేజీ ఉండాల్సింది ఇందుకే.

‘పేరు మారింది’ అంటే సరిపోదు

మాన్యువల్‌లో ఇలాంటి నమోదు ఉపయోగపడాలంటే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పాత పేరేమిటి? అది పేరు మార్చుకుందా, వేరే చోటికి వెళ్లిందా, మరో దానిలో కలిసిందా, పూర్తిగా పోయిందా? ఏ వెర్షన్‌లో? ఇప్పుడు ఏది వాడాలి? పాత పేరు వాడితే ఏమవుతుంది: హెచ్చరిక వస్తుందా, పని ఆగిపోతుందా, ఏమీ చెప్పకుండా వదిలేస్తుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, పేరుతో పాటు అర్థం కూడా మారిందా?

చివరి ప్రశ్నకు పోస్ట్‌గ్రెస్ 13 మంచి ఉదాహరణ. స్టాండ్‌బై సర్వర్ల కోసం ఎన్ని వాల్ ఫైళ్లు అట్టిపెట్టాలో చెప్పే ‘వాల్_కీప్_సెగ్మెంట్స్’ను అందులో ‘వాల్_కీప్_సైజ్’గా మార్చారు. మొదటిది ఫైళ్ల సంఖ్య. రెండోది పరిమాణం, మామూలుగా మెగాబైట్లలో. ఒక్కో ఫైలు సాధారణంగా 16 మెగాబైట్లు. పాత అమరికలో 64 అని ఉంటే కొత్తదానిలో 1024 మెగాబైట్లు రాయాలి. పేరు మాత్రం మార్చి 64 అనే వదిలేస్తే అట్టిపెట్టే పరిమాణం పదహారో వంతుకు పడిపోతుంది. ఏ లోపమూ కనిపించదు. వెనుకబడిన స్టాండ్‌బైకి కావలసిన ఫైళ్లు దొరకనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మార్పుల గొలుసు మరో చిక్కు. స్టాండ్‌బైని ప్రధాన సర్వర్‌గా మార్చే ‘ట్రిగర్_ఫైల్’ అమరిక వెర్షన్ 12లో ‘ప్రమోట్_ట్రిగర్_ఫైల్’ అయింది. 2023లో వచ్చిన వెర్షన్ 16లో దాన్నీ తీసేశారు. మొదటి మార్పు రాసి వదిలేసిన నమోదు, లేని వస్తువు వైపు వేలు చూపిస్తుంది. వెర్షన్ 11 నుంచి నేరుగా 16కు వెళ్లేవారికి మధ్యలోని మెట్లు తెలియవు. కాబట్టి ఒక పేరు తీసేసినప్పుడల్లా దాన్ని చూపిస్తున్న పాత నమోదులనూ సరిదిద్దాలి. ప్రభుత్వ కార్యాలయాల్లో, బ్యాంకుల్లో ఇలా ఒకేసారి నాలుగైదు వెర్షన్లు దాటడం మామూలే.

పైథాన్ పద్ధతి

పైథాన్ భాషలో ఇదంతా ముందస్తు ప్రకటనతో మొదలవుతుంది. ఒక ఫీచర్‌ను తీసేయాలంటే కనీసం రెండు వెర్షన్ల పాటు హెచ్చరిక చూపాలన్నది అక్కడి నియమం. ఏ వెర్షన్‌లో చేరింది, ఎప్పుడు మారింది, ఎప్పుడు తొలగిపోతుంది అన్న వివరాలు ఆ ఫీచర్ వివరణ కిందనే ఉంటాయి. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో కాలం చెల్లిన 19 మాడ్యూళ్లను ఒకేసారి తీసేశారు. ఒకప్పుడు వెబ్‌సైట్లకు ఆధారమైన ‘సీజీఐ’ వాటిలో ఒకటి. వాటి పేజీలను మాత్రం చెరిపేయలేదు. అది ఎప్పుడు తొలగింది, చివరిసారిగా ఏ వెర్షన్‌లో ఉంది అని చెప్పే చిన్న పేజీ పాత చిరునామాలోనే ఉంది.

పేరు మార్చకుండా ఉండే వ్యవస్థలు

మార్చి నమోదు చేయడం కంటే మార్చకపోవడమే మేలనుకునేవారూ ఉన్నారు. యూనికోడ్‌లో ఒకసారి అక్షరానికి పెట్టిన పేరు ఎప్పటికీ మారదు. ఒక నిలువు కుండలీకరణ చిహ్నం పేరులో ‘బ్రాకెట్’ అనే ఇంగ్లిష్ మాటకు అక్షరాలు తారుమారయ్యాయి. తప్పు తెలిసినా అలాగే ఉంచి, సరైన రూపాన్ని మారుపేరుగా చేర్చారు. 2011లో ఒరిస్సా ఒడిశాగా, ఒరియా ఒడియాగా మారినా యూనికోడ్‌లో ఆ లిపి విభాగం ఇప్పటికీ ‘ఒరియా’యే.

కంప్యూటర్లకు కాలమానం అందించే టైమ్‌జోన్ డేటాబేస్ మధ్యేమార్గం ఎంచుకుంది. భారత కాలానికి అందులో ఇప్పుడు ‘ఏషియా/కోల్‌కతా’ అని ఉంటుంది. పాత ‘ఏషియా/కలకత్తా’ కూడా పనిచేస్తుంది, కొత్త పేరుకు దారి చూపే మారుపేరుగా. ‘డక్కా’, ‘రంగూన్’, ‘కాట్మండూ’లకూ అదే మర్యాద దక్కింది.

చట్టాల్లోనూ ఇదే సమస్య

ఈ చిక్కు సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కాదు. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. జనం నోట నానిన 420 ఇప్పుడు 318లో ఉంది. 511 సెక్షన్ల స్థానంలో 358 మిగిలాయి. కొన్ని కలిశాయి, కొన్ని పోయాయి, కొన్ని మాటలు మారాయి. పోలీసులకూ లాయర్లకూ ముందుగా కావలసి వచ్చింది పాత నంబరు చూస్తే కొత్త నంబరు చెప్పే పట్టికే. పైగా ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది. పాత వెర్షన్ మీదే నడుస్తున్న సర్వర్ల పరిస్థితీ అంతే. కొత్తది వచ్చినంత మాత్రాన పాతదాని అవసరం తీరిపోదు.

ఎంతకాలం ఉంచాలి?

మాన్యువల్ వర్తమానం గురించే చెప్పాలని, పాత సంగతులు కొత్తవారిని గందరగోళపరుస్తాయని అభ్యంతరం ఉంది. అది సబబే. ప్రతి పేజీలోనూ పాత చరిత్ర పోగేస్తే చదవడం కష్టం. పాత పేర్లను వేరే అనుబంధంలో, ఒక్కోదాన్ని రెండు మూడు వాక్యాల్లో ముగించడం ఇందుకు సమాధానం. పోస్ట్‌గ్రెస్ ఒక్కో ప్రధాన వెర్షన్‌కు ఐదేళ్లు మద్దతు ఇస్తుంది. కానీ పుస్తకాలు, స్క్రిప్టులు, సెర్చ్ ఫలితాలు ఆ గడువుతో ఆగిపోవు. ఒక పేరును ఎవరైనా వెతుకుతున్నంతకాలం, అది ఏమైందో చెప్పే రెండు వాక్యాలు పాత చిరునామాలో ఉండాల్సిందే. వాటిని ఉంచడానికి అయ్యే శ్రమ స్వల్పం. లేకపోతే కలిగే నష్టం కొన్నిసార్లు మొత్తం డేటా.