అపాచీ క్యామెల్: రూట్ల లోడింగ్, ఎర్రర్ల నిర్వహణ

అపాచీ క్యామెల్ జావాలో రాసిన ఓపెన్‌సోర్స్ ఇంటిగ్రేషన్ ఫ్రేమ్‌వర్క్. ఒకచోట పుట్టిన సమాచారాన్ని అందుకుని, అవసరమైతే రూపు మార్చి, చేరాల్సిన చోటికి చేర్చడం దీని పని. 2007లో అపాచీ యాక్టివ్‌ఎమ్‌క్యూ ప్రాజెక్టులో భాగంగా మొదలై, తర్వాత సొంత ప్రాజెక్టుగా నిలబడింది. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో వెలువరించిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ పుస్తకంలోని పద్ధతులే దీనికి పునాది. 3.0 వెర్షన్ 2019లో, 4.0 వెర్షన్ 2023లో వచ్చాయి. 4.0 నడవాలంటే కనీసం జావా 17 ఉండాలి.

సమాచారం నడిచే దారిని క్యామెల్‌లో ‘రూట్’ అంటారు. ‘ఫ్రమ్’తో మొదలై, మామూలుగా ‘టు’తో ముగుస్తుంది. ఆ దారిలో ప్రయాణించే మూటకు ‘ఎక్స్‌ఛేంజ్’ అని పేరు. రూట్లన్నిటినీ పెట్టుకుని నడిపేది ‘క్యామెల్ కాంటెక్స్ట్’.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. అక్కడ ఈ సాఫ్ట్‌వేరే వాడుతున్నారని కాదు, ఇది ఊహించిన రూట్. నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. రాష్ట్ర విభజన తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకున్న ఎటపాక, దిగువన ఉన్న కూనవరం, వి.ఆర్.పురం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. నది ఒకటే, కొలత ఒకటే, కబురు మాత్రం రెండు ప్రభుత్వాలకు వెళ్లాలి. ఇలాంటి పనికే రూట్ రాస్తారు: ఫోల్డర్‌లో పడిన ఫైలును తీసుకో, అంకె చదువు, 43కు చేరితే రెండు రాష్ట్రాలకూ ఎస్సెమ్మెస్ పంపు.

ఈ రూట్ మూడు చోట్ల చెడిపోవచ్చు: లోడ్ అయ్యేటప్పుడు, గుమ్మం దగ్గర (సమాచారం రూట్‌లోకి వచ్చే చోట), దారి మధ్యలో. ఏ చోట చెడిందో తెలియకపోతే, తప్పులను పట్టుకునే ఎర్రర్ హ్యాండ్లర్‌ను ఎంత బాగా రాసినా పనికిరాదు.

జావాలో రూట్ రాయాలంటే ‘రూట్‌బిల్డర్’ క్లాసును విస్తరించి, అందులోని ‘కాన్ఫిగర్’ మెథడ్‌లో దారి వివరిస్తారు. స్ప్రింగ్ బూట్ వాడుతుంటే కాంపొనెంట్‌గా గుర్తు పెట్టిన రూట్‌బిల్డర్లను క్యామెల్ తనంత తానే వెతికి తెచ్చుకుంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో గాని యామెల్‌లో గాని రాస్తే, ఫైళ్లు నిర్ణీత ఫోల్డర్‌లో ఉంటే చాలు, కోడ్‌ను మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. హెచ్చరిక అందుకునేవారి జాబితా మారినప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. 2014లో మండలాలు రాష్ట్రం మారినప్పటి లాంటి మార్పుకు ఒక టెక్స్ట్ ఫైలు దిద్దితే సరిపోతుంది.

లోడింగ్ అంటే ఫైలు చదవడం ఒక్కటే కాదు. కాన్ఫిగర్ మెథడ్ నడిచినప్పుడు తయారయ్యేది రూట్ నమూనా మాత్రమే. ఆ తర్వాత క్యామెల్ ప్రతి ఎండ్‌పాయింట్ (సమాచారం వచ్చే లేదా వెళ్లే చోటు) చిరునామాను విప్పి, దాని ఆప్షన్లు సరిచూసి, చివర్లో సమాచారాన్ని లోపలికి తీసుకునే కన్స్యూమర్‌ను స్టార్ట్ చేస్తుంది. ఆప్షన్ పేరులో ఒక అక్షరం తప్పినా, ప్రాపర్టీల ఫైలులో ఎస్సెమ్మెస్ చిరునామా లేకపోయినా ఇక్కడే ఎక్సెప్షన్ వస్తుంది. ఒకే ‘డైరెక్ట్’ ఎండ్‌పాయింట్ నుంచి రెండు రూట్లు మొదలుపెట్టినా అంతే. మామూలుగా ఒక రూట్ లేవకపోతే మొత్తం కాంటెక్స్టే ఆగిపోతుంది. మొండిగా కనిపించినా ఇది మంచి అలవాటు, వరద వచ్చాక బయటపడే తప్పు వేసవిలోనే దొరుకుతుంది. అవతలి సర్వర్ కాసేపు లేనందుకే రూట్ లేవని చోట ‘సూపర్వైజింగ్ రూట్ కంట్రోలర్’ పెడితే మిగతావి నడుస్తుంటాయి, లేవనిదాన్ని అది వెనక నుంచి మళ్లీ మళ్లీ లేపుతుంటుంది.

అసలు భయపడాల్సింది చప్పుడు లేని తప్పుకు. యామెల్ ఫైలును వేరే ఫోల్డర్‌లో పెడితే క్యామెల్ ఫిర్యాదు చేయకుండా, ఆ రూట్ లేకుండానే లేస్తుంది. అందుకే స్టార్ట్ అవగానే లాగ్‌లో ఎన్ని రూట్లు లేచాయో ఆ అంకె చూసుకోవాలి.

గుమ్మం దగ్గరి తప్పు చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఎక్స్‌ఛేంజ్ పుట్టాకే రూట్ ఎర్రర్ హ్యాండ్లర్ పని మొదలవుతుంది. ఫోల్డర్ ఉన్న డిస్కే ఊడిపోతే కన్స్యూమర్ ఫైలు తీసుకోలేదు, ఎక్స్‌ఛేంజ్ పుట్టదు, హ్యాండ్లర్‌కు కబురే అందదు. మహా అయితే లాగ్‌లో నమోదై ఊరుకుంటుంది. ఇలా కన్స్యూమర్‌లో పుట్టే ఎక్సెప్షన్ కూడా హ్యాండ్లర్‌కు చేరాలంటే ఎండ్‌పాయింట్ మీద ‘బ్రిడ్జ్ ఎర్రర్ హ్యాండ్లర్’ ఆప్షన్ పెట్టాలి.

ఇక దారి మధ్యలో. ఎవరూ ఏమీ చెప్పకపోతే ‘డీఫాల్ట్ ఎర్రర్ హ్యాండ్లర్’ ఉంటుంది. అది మళ్లీ ప్రయత్నించదు, ఎక్సెప్షన్‌ను పిలిచినవారికే తిప్పి పంపుతుంది. రీట్రై కావాలంటే ‘ఆన్‌ఎక్సెప్షన్’లో ఎన్నిసార్లో రాయొచ్చు. రెండు ప్రయత్నాల మధ్య విరామం మామూలుగా ఒక సెకను. బ్యాకాఫ్ పెడితే విరామం పెరుగుతూ పోతుంది, పైపరిమితి 60 సెకన్లు. రీట్రై రూట్ మొదటి నుంచి జరగదు, తప్పిన మెట్టు దగ్గరే జరుగుతుంది. ఎస్సెమ్మెస్ మెట్టు తప్పితే ఫైలును మళ్లీ చదవదు.

ఏ తప్పుకు రీట్రై చేయాలన్నదే ఇక్కడ ఆలోచించాల్సిన మాట. సిగ్నల్ పోయి కనెక్షన్ తెగితే కాసేపాగి మళ్లీ పంపడం సబబు. ఫైలులో ‘43.2’ బదులు ‘43,2’ అని పడితే వందసార్లు చదివినా అది అంకె కాదు. కనుక ఐఓ ఎక్సెప్షన్‌కు ఒక ఆన్‌ఎక్సెప్షన్, నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్‌కు ఇంకొకటి రాస్తారు. వీటిని ‘కాన్ఫిగర్’లో రూట్ల కంటే ముందే రాయాలి. అవి ఆ ఒక్క రూట్‌బిల్డర్‌కే వర్తిస్తాయి. అన్నిటికీ ఉమ్మడిగా కావాలంటే 3.12 నుంచి వచ్చిన ‘రూట్ కాన్ఫిగరేషన్’ ఉంది.

ఆ ‘43,2’ ఫైలును ఏ ఏర్పాటూ లేకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఫైల్ కన్స్యూమర్ అరసెకనుకోసారి ఫోల్డర్ చూస్తుంది. సరిగా పూర్తయిన ఫైలును ‘.క్యామెల్’ అనే ఉపఫోల్డర్‌లోకి జరుపుతుంది, తప్పిన ఫైలును అక్కడే ఉంచుతుంది. అరసెకను తర్వాత అదే ఫైలు, అదే తప్పు. తెల్లారేసరికి లాగ్ అంతా ఆ ఒక్క కామాయే. దీనికి విసిగి ఆన్‌ఎక్సెప్షన్‌లో ‘హ్యాండిల్డ్’ను ట్రూ చేసి ఊరుకున్నారా, అంతకన్నా ప్రమాదం. క్యామెల్ దృష్టిలో పని పూర్తయినట్టే, చెడ్డ ఫైలు మంచివాటితో పాటు ‘.క్యామెల్’లోకి చేరిపోతుంది. ‘మూవ్ ఫెయిల్డ్’ ఆప్షన్‌తో దాన్ని విడి ఫోల్డర్‌లోకి పంపేలా పెట్టి, ఎక్సెప్షన్‌ను దాచకుండా వదలడమే పద్ధతి.

రెండు రాష్ట్రాల చిక్కు కూడా ఇక్కడే తేలాలి. ఒక ‘టు’ తర్వాత ఇంకో ‘టు’ రాస్తే అది పైప్‌లైన్, మొదటిది తప్పితే రెండోదానికి కబురు వెళ్లదు. ఎటపాక వైపు ఎస్సెమ్మెస్ గేట్‌వే మొరాయించినందుకు తెలంగాణలోని దుమ్ముగూడెం, చర్ల వైపు హెచ్చరిక ఆగకూడదు కదా. ‘మల్టీకాస్ట్’ వాడితే ఒక కొమ్మ తప్పినా, ఆపమని చెప్పనంతవరకు మిగతా కొమ్మలు నడుస్తాయి. గేట్‌వే కబురు అందుకుని, జవాబు మాత్రం మధ్యలో పోతే రీట్రైతో అదే ఎస్సెమ్మెస్ రెండోసారి వెళ్తుంది. వరద హెచ్చరిక రెండుసార్లు వస్తే నష్టం లేదు, డబ్బు బదిలీ అయితే ఉంది.

ప్రయత్నాలన్నీ అయిపోయినవాటి కోసం ‘డెడ్ లెటర్ ఛానెల్’ ఉంది. తప్పిన ఎక్స్‌ఛేంజ్‌ను ఒక క్యూలో పడేస్తుంది. అసలు సందేశమే కావాలంటే ‘యూజ్ ఒరిజినల్ మెసేజ్’ పెట్టాలి, లేకపోతే దారిలో మారిన రూపమే పడుతుంది. ఆ క్యూ మీద మరో రూట్ పెట్టి, డ్యూటీలో ఉన్నవారి ఫోన్ మోగేలా చేస్తారు. ఆ రెండో రూట్ మాత్రం వేరే నెట్‌వర్క్ మీద వెళ్లాలి. అడవి అంచున టవర్ ఒక్కటే ఉంటే, హెచ్చరికను ఆపిన సిగ్నల్ లోపమే ఆ ఫోన్‌నూ ఆపుతుంది.